చిలక యొడ్డున దొరల విడిది

విడిది యను మాటకు మన యిండ్లలో చిరకాలము రెండే యర్థములు. పెండ్లికి తరలివచ్చిన మగపెండ్లివారిని దింపు ఇల్లు విడిది. తీర్థయాత్రకు పోవువాడు రాత్రి తలదాచుకొను సత్రము విడిది. రెండును పరుల కొఱకు ఏర్పడినవి. ఎండలు ముదిరినపుడు తన సుఖముకొఱకు తానే కట్టించుకొని, రెండు నెలలు కాపురముండి, పది నెలలు తాళము వేసి పోవు ఇంటికి మన పెద్దలు ప్రత్యేకముగా పేరు పెట్టలేదు. అట్టి యిండ్లు మన దేశమున లేవని కాదు. రఘువంశపు కడపటి సర్గలో అగ్నివర్ణునకు కొలనుల నీటిమాటున విలాసగృహములుండినట్లు కాళిదాసు వర్ణించినాడు. ప్రజలు దర్శనము కోరగా ఆ రాజు కిటికీనుండి ఒక పాదమును మాత్రము వ్రేలాడదీసి చూపెనట! ఆ సర్గతోనే కావ్యము ముగియును. కావ్యము చెప్పుచు ఈ ఘట్టమునకు వచ్చినపుడెల్ల నాకు చిలక సరస్సు ఒడ్డునగల యొక మేడ జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇప్పుడు కాలము మారినది. వేసవి సెలవులు వచ్చుటయే తడవుగా మావంటి బడిపంతుళ్ల యిండ్లలో సైతము “ఈయేడు ఎక్కడికి?” అను ప్రశ్న పుట్టుచున్నది. అరకు, ఉదకమండలము, కొడైకెనాలు. అంతదూరము పోలేనివారికి భీమునిపట్నము కలదు, కళింగపట్నము కలదు. నేనును పిల్లలను వెంటబెట్టుకొని పోయినవాడనే. చల్లని గాలిని కోరుట పాపమని చెప్పుటకు కలము పట్టలేదు. కాని ఈ యలవాటు మనకు నేర్పినవారెవరో, వారు ఏ యేడు, ఏ ప్రజల నడుమ తమ చలువ మేడలు కట్టుకొనిరో తెలిసికొనుట మంచిది. అందుకు మా ప్రాంతమువారు దూరము పోనక్కరలేదు.

మాది శ్రీకూర్మము. గుడియెదుట శ్వేతపుష్కరిణి, లోపల పడమటి ముఖముగా కూర్మనాథుడు. స్తంభములమీద గాంగరాజుల కాలపు శాసనములు బారులు తీరియున్నవి. వానిలో 1281వ సంవత్సరపు నరహరితీర్థుల శాసనము పండితులెఱిగినదే. పూరీనుండి దక్షిణమునకు పోవు యాత్రికుల త్రోవలో మా యూరొక మజిలీ. 1510లో చైతన్యుడు ఆ త్రోవనే కూర్మక్షేత్రమునకు వచ్చెను. పూరీకిని మాకును నడుమ, కొండలకును సముద్రమునకును మధ్య, పరచినట్లుండునది చిలక. కావున ఆ సరస్సు మాకు పరాయిది కాదు. మా దేవుని దారిలోనిది.

మఱియొక సంబంధము కలదు, అది దేవునిది కాదు, శిస్తుది. పందొమ్మిదవ శతాబ్దమునుండి 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమగువఱకు మా శ్రీకాకుళము తాలూకా గంజాము జిల్లాలోనిది. అటుపిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము తానే జిల్లా యయినది. మా ముత్తాతలు అర్జీ వ్రాసికొన్నచో “గంజాము కలెక్టరు దొరవారి సముఖమునకు” అని వ్రాయవలసినదే. ఆ దొరలు ఎండలనుండి తప్పించుకొనుటకు పోవు చోటులలో మొదటిది చిలక దక్షిణాగ్రమున నున్న రంభ.

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనున బండి యెక్కినచో పలాస, సోంపేట, ఇచ్ఛాపురము దాటి బరంపురము, అటుపైని ఛత్రపురము, గంజాము, హుమ్మ, తరువాత రంభ. మొత్తము రెండువందల కిలోమీటర్లకు లోపలనే. ఈ యినుపదారి 1893–96 సంవత్సరముల నడుమ వేయబడినది. అంతకు పూర్వము దొర రంభకు పోవలెనన్న పల్లకీయే శరణ్యము. పగలు ఎండకు ఓర్వలేక రాత్రులు ప్రయాణము. ముందు దివిటీ పట్టువాడు, భుజములు మార్చుకొనుచు బోయీలు. చల్లదనము ఒకనికి, చెమట పండ్రెండుగురికి.

రంభ దాటగానే రైలు కిటికీకి సరస్సు కనబడును. తొలిసారి చూచినవానికి అది సముద్రమనియే తోచును. కాని కెరటము లేదు, హోరు లేదు. వానకాలమున దాని వైశాల్యము పదునొకండువందల చదరపు కిలోమీటర్లు మించును. ఎండాకాలమున తొమ్మిదివందలకు దిగును. ఉప్పునీరును మంచినీరును కలిసిన యిట్టి జలాశయము మన దేశమున నింత పెద్దది మఱొకటి లేదు. లోతు మాత్రము చాల తక్కువ. పడవవాడు గడవేసి నడుపుచునే పెక్కు దూరము పోగలడు. శీతకాలమున దూరదేశపు పక్షులు దిగును. ఉత్కళకవి రాధానాథ రాయ్ ఈ సరస్సు పేరనే కావ్యము వ్రాసినాడు. అందమును గూర్చి ఇంతకంటె చెప్పను. అందమును వర్ణించుటలో అసలు సంగతి మఱచిపోవు ప్రమాదము కలదు, ఈ విషయమున ముఖ్యముగా కలదు.

అసలు సంగతి యిది. 1791–92 ప్రాంతమున, కుంఫిణీవారి తరఫున గంజామును పాలించుచుండిన థామస్ స్నోడ్‌గ్రాస్ అను దొర రంభలో సరస్సు గట్టున పెద్ద మేడ కట్టించెను. గంజాము పట్టణము, కోట, కచేరీ అక్కడికి దగ్గఱనే, రుషికుల్య నది సముద్రమున కలియుచోట. కాని దొరకు రంభ గాలి నచ్చినది. మేడ చాలదని సరస్సు నడుమ బండరాతిపై నొక తెల్లని స్తంభము, దానికి గది. శిఖరమున పడవలకు దీపముంచు తలంపుతో కట్టించినదని చెప్పుదురు. దానికి బీకన్ దీవి యని పేరు. నేను చూచినపుడు దానిపై దీపము లేదు, కాకి కూర్చుండియుండెను.

1791–92 అను అంకెలను చదువరులు మఱియొకసారి చూడవలెనని నా ప్రార్థన. ఉత్తర సర్కారులలో 1790 మొదలు 1792 వఱకు ఘోరమైన కరువు. గంజామునందు జనులు ఆకలిచే మడసిరి. శిస్తు రాలేదు; వచ్చిన గింజ ఊరు దాటలేదు. ఆ నడుమనే ఈ మేడ లేచినది. సున్నము కాల్చినవారు, రాయి మోసినవారు, కలప కోసినవారు ఎవరో వారి పేర్లు ఏ దస్తరములోను నేను చదువలేదు. కరువునాట కూలి ఎంత చవుకయో చెప్పనక్కరలేదు. గంజికి వచ్చు కూలివాడు బేరమాడడు. అగ్నివర్ణుని పాదము కిటికీనుండి వ్రేలాడినపుడు క్రింద నిలిచినవారు ఆకలిగొనియుండిరని కాళిదాసు చెప్పలేదు. రంభలో ఆకలియు మేడయు ఒక్క చోట, ఒక్క యేటను కలిసినవి.

స్నోడ్‌గ్రాసు కథకు కడపటి భాగము చిత్రమైనది. పాలన చెడినదను నిందతో అతనికి కొలువు పోయినది. ఇంగ్లండు చేరిన పిదప కుంఫిణీవారు పింఛనును నిరాకరించిరి. అంతట అతడు చినిగిన గుడ్డలు తొడిగి, చీపురు చేతబట్టి, లండనులోని లెడన్‌హాల్ వీథిలో కుంఫిణీవారి కార్యాలయము వాకిట దారి యూడ్చుచు నిలిచెనట. ఇండియాలో కలెక్టరుగా నుండినవాడు వీథి యూడ్చుచున్నాడని ఊరెల్ల గుమిగూడినది. డైరెక్టర్లు సిగ్గుపడి పింఛను మంజూరు చేసిరి. మఱునాడు అతడు మంచి దుస్తులతో తన సొంత గుఱ్ఱపుబండిలో వచ్చి, తనకు లోటేమియు లేదనియు, ఈ పింఛనుతో రాబడి ఇంకను పెరిగినదనియు చెప్పి, వారికి నమస్కరించి పోయెనట. గంజాము చరిత్ర చెప్పువారు దీనిని చెప్పక మానరు. నేనును తొలిసారి చదివినపుడు నవ్వితిని. ఇప్పుడు నవ్వు రాదు. ఈ కథ రెండువందల యేండ్లు బ్రతికినది, ఏలయన అందు వినోదమున్నది. ఆ వినోదములో కరువు మునిగిపోయినది. బిచ్చగాని వేషము వేసినవాని పేరు నిలిచినది. వేషముకాని బిచ్చగాండ్రు నిలువలేదు.

నేను రంభకు పోయినది శీతకాలమున. మేడ యిప్పుడు యాత్రికులకు అద్దెకిచ్చు హోటలు. దానిని శ్రద్ధగా బాగుచేసినారు. స్తంభముల వరుస గల వసారాలు, ఎత్తైన కప్పులు, సరస్సువైపు తిరిగిన ముఖము పడవనుండి చక్కగా కనబడును. ఒక రాత్రి కాపురమునకు నా జీతము సరిపడదు కావున నేను పడవలోనే యుండి చూచితిని. ఇందులో నిష్ఠూరమేమియు లేదు. పాడుపడి గబ్బిలములకు నెలవైన గోడలకంటె దీపము వెలుగుచున్న యిల్లు మేలు. కాని పడవవానిని “ఈ మేడ ఎవరు కట్టించిరి?” అని అడిగితిని. “రాజా” అని అతని ప్రత్యుత్తరము. “అంతకు ముందు?” అంటిని. “సాహెబు” అనెను. అతని జ్ఞానమింతే, నిజమాడినచో మా జిల్లాలోని చదువుకొన్నవారి జ్ఞానము ఇంతకూడ లేదు.

పడవవాడు నన్ను శంకుడ యను చిన్న దీవికి తీసికొనిపోయెను. చెట్లు దట్టముగా పెరిగిన ఆ దీవికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు బ్రేక్‌ఫాస్టు దీవి. అచ్చట ఖళ్లికోట రాజులు కట్టించిన బంగళా యొకటి శిథిలమై, మొండిగోడలతో, వేళ్లు దూరిన కప్పుతో నిలిచియున్నది. తెల్లవాఱగనే పడవనెక్కి వచ్చి ఉదయపు పలహారము తినుటకే యొక దీవి! మన భాషలోనికి ఆ పేరును మార్చినచో చద్దిదీవి యనవలెను. మా యూరి రైతు చద్దికుండ పొలముగట్టున తుమ్మచెట్టు నీడకు పోవును. దొరల చద్దికి నీళ్ల నడుమ భవనము కావలసివచ్చినది. దేశీయ ప్రభువులు దొరల వేడుకను చూచి తామును నేర్చికొనిరి. తరువాత ఉద్యోగులు నేర్చిరి, తరువాత వకీళ్లు, కడపట మేము.

దొరల యునికికి రంభ యొక్కటే సాక్షి కాదు. గంజాము పట్టణము చూడవలెను. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అను కుంఫిణీ రెసిడెంటు అక్కడ పోతగడ యను కోటను ఆరంభించెను. నక్షత్రాకారముగా కట్టిన ఆ కోట, లోపలి యిండ్లు, ప్రక్కన సమాధులు ఒకనాటి తెల్లవారి చిన్న సమాజమునకు గుఱుతులు. 1815లో విషజ్వరము ప్రబలి పట్టణమును ఊడ్చివేసినది. కచేరీలు లేచిపోయినవి, తుదకు ఛత్రపురము జిల్లా ముఖ్యస్థానమైనది. చల్లని గాలికొఱకు రంభలో మేడలు కట్టినవారికి ఆ గాలితోకూడ దోమ వచ్చునని తెలియదు. ఆనాడు ఎవరికిని తెలియదు. సమాధులలో పడియున్నవారిలో దొరసానులును, పసిపిల్లలును ఉందురు కదా. వారిని తలచినపుడు నా కోపము సగము చల్లారును. వారెవరును శిస్తు విధించినవారు కారు.

మేడ యొక్క రెండవ జన్మము మొదటిదానికంటె మేలైనది. అది ఖళ్లికోట రాజుల చేతికి వచ్చినది. రాజా హరిహర మర్దరాజుగారు విద్యాభిమాని. బరంపురములోని కళాశాల నేటికిని ఖళ్లికోట పేరనే యున్నది. ఉత్కళ సమ్మేళనము 1903 డిసెంబరులో కటకమున తొలిసారి కూడినది. అంతకుముందు ఆ భావము మొలకెత్తిన గోష్ఠులలో నొకటి ఈ రంభ మేడలో జరిగినది. మధుసూదన దాసు ప్రభృతులు ఆ యుద్యమమునకు మూలపురుషులు. ఒడియా మాటలాడు ప్రజలు మదరాసులో కొంత, వంగదేశమున కొంత, మధ్యపరగణాలలో కొంతగా చీలియుండిరి. వారందఱు నొక్క పాలనలోనికి రావలెనని ఆ పెద్దల సంకల్పము. మన ఆంధ్రమహాసభ బాపట్లలో కూడుటకు (1913) పదేండ్లు ముందే భాషనుబట్టి రాష్ట్రమను తలంపు ఈ సరస్సు ప్రాంతమున పుట్టినది. దొర విలాసమునకు కట్టిన వసారాలో జనుల భాషను గూర్చి మాటలాడిరి. ఇంటి పని మాఱవచ్చును, గోడలకు దోషమంటదు.

అందువలన మా తెలుగువారికి కలిగిన దుఃఖమును దాచను. 1936లో బరంపురము ఒడిస్సాలో చేరినది, వి. వి. గిరిగారు 1894లో పుట్టినది ఆ బరంపురముననే. పర్లాకిమిడి చేరినది, గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ పట్టణమును విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. (ఆయన నేడు నా యీ వ్యాసమును చూచిన, విషయమునకు మెచ్చి భాషకు చీవాట్లు పెట్టెడివారు.) అయినను ఒడియావారు తమ బిడ్డలకు తమ భాషలో చదువు కోరుట, మనము మన బిడ్డలకు కోరుట రెండును ఒక్కటే న్యాయము. ఎల్లగీత ఎక్కడ పడినను ఇరువైపుల కొందఱు మిగిలిపోవుదురు.

ఆ మిగిలినవారిలో నొకరిని రంభ బజారులో కలిసితిని. ఎండుచేపల గంప ముందు పెట్టుకొని యొక ముసలమ్మ కూర్చుండియుండెను. ఒడియాలో ధర చెప్పుచు, మనుమరాలిని మాత్రము తెలుగున కసరుచుండెను. ఆగి పలుకరించితిని.

“ఏ ఊరు బాబూ మీది?”

“శ్రీకూర్మం, అమ్మా.”

“కూర్మనాథుడూరా! మాయమ్మ మొక్కుకునీది. నానెప్పుడూ రాలేదు. దూరమేటి బాబూ?”

“రైలెక్కితే ఒక పూట.”

“రైలుకేటి, ఎక్కొచ్చు. మరి ఈ గంప ఎవులు మోస్తారు?”

ఆమెది రుషికుల్య ముఖమునకు చేరువనున్న సముద్రపు పల్లె. ఒడిస్సావారు ఆ జాలరులను నోలియాలందురు. తరములుగా తెలుగు మాటలాడుచు గంజాము మొదలు పూరీ వఱకు ఇసుకమీద బ్రతుకుచున్నారు. బడిలో ఒడియా, ఇంట తెలుగు, వ్రాయుటకు ఏదియు లేదు. ఆ యిసుకమీదనే ఏటేట లక్షలకొలది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. 1994 తరువాతగాని శాస్త్రజ్ఞుల కంటబడని ఆ సంగతి అమ్మకు ఎఱుకయే. “మీ దేవుడి పిల్లలే కదా బాబూ” అని నవ్వెను. ఆ వాడలలో పొడంపేట యనునది సముద్రపు కోతకు లోబడి, జనులు లేచిపోగా, ఇప్పుడు మొండిగోడల గ్రామము. రంభ మేడను చూడవచ్చినవారు ఆ శిథిలములను గూర్చి వినియుండరు. అది యు నొక సరస్సు ప్రాంతపు చరిత్రయే. కాని దాని గోడలలో విలాసము లేదు, వంటపొగ మరకలున్నవి.

సరస్సు ఎవరిది యను తగవు దొరలతో తీరలేదు. 1990 దశకమున రొయ్యల పెంపకము లాభసాటి యగుటతో పెట్టుబడిదారులు చిలక అంచులను కట్టలుకట్టి చుట్టిరి. జాలరులు ఎదురు తిరిగిరి. 1999 మే 29వ తేదీన సొరాణా గ్రామమున పోలీసు కాల్పులలో నలుగురు మరణించిరి. మఱుసటి యేడు 2000లో సరస్సునకు సముద్రముతో క్రొత్త ముఖద్వారము త్రవ్వగా ఉప్పుశాతము సరిపడి చేపలు మరల పెరిగినవి. ఇది మన ఇంజనీర్లకు, జీవశాస్త్రజ్ఞులకు గౌరవము తెచ్చిన కార్యము. 1981లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడిన చిలక ఇట్లు కోలుకొనినది. మే నెల ఎండలో ఒకరు చల్లదనమునకు చూచు నీటినే మఱియొకరు అన్నమునకు చూచుచున్నారు. ఈ రెండు చూపులు ఒకచోట కలిసినపుడు ఎవరు తొలగవలెనో రెండువందల యేండ్లుగా ఒక్క విధముగనే తీర్పు జరుగుచున్నది.

ఇదంతయు విని మా బడిలో చరిత్ర చెప్పు మిత్రుడొకరు, “పరప్రభువుల జ్ఞాపకములు మనకేల? పడిపోనిండు, మఱచిపోండు” అనిరి. దేశాభిమానము గలవారు, వారి మాటను త్రోసివేయను. కాని మఱచుట యెవరికి లాభము? దొర మఱపును కోరియేయుండును. మేడ నేలమట్టమైనచో ఆ కరువునకు మిగిలిన కడపటి సాక్షి పోవును, ఏలయన ఆకలిచే చచ్చినవారికి సమాధులు లేవు. మఱికొందఱు దీనికి విరుద్ధముగా, “ఎంత నాగరకతయో! ఎంత సొగసో!” అని పాతకాలపు దొరతనమును చూచి మురియుచున్నారు, ఛాయాచిత్రములు తీసికొని పంపుకొనుచున్నారు. వీరి వలన కలుగు నష్టమే యెక్కువ. మేడ కట్టిన యేటిని చెప్పి కరువును చెప్పకుండుట అర్ధసత్యము. వాకిట నొక రాతిపలక నిలిపి, అందు 1791–92 అను అంకెల ప్రక్క రెండు సంగతులును చెక్కించినచో అతిథుల నిద్ర చెడదని నా నమ్మకము. కొందఱి నిద్ర చెడినను చెడనిండు.

మన యిండ్లకు సంబంధించిన మాట యొకటి. వేసవికి పోయినచోట మనము అద్దె యిత్తుము, దొరవలె శిస్తునుండి ఖర్చు చేయము. ఈ భేదము కలదు. కాని వంటమనిషిని, పనిపిల్లను వెంట తీసికొనిపోయి, సముద్రము చూచుటకు తాము పోవుచు వారిని కుంపటి ముందు కూర్చుండబెట్టు గృహస్థులను నేను కళింగపట్నమున చూచియున్నాను. ఆ పనిపిల్ల ఆ సముద్రపు గాలి నెన్ని నిమిషములు పీల్చినదో లెక్క చూచినచో మనకును రంభకును ఎంత దూరమో తెలియును. ఈ విషయమున గృహిణులే తీర్పరులు. మగవారికి లెక్క చూచు తీరిక లేదు.

ఈ యేడు నా తరగతిలో పిల్లలచేత పాత గంజాము జిల్లా పటము గీయించితిని. వంశధార, నాగావళి, మహేంద్రగిరి, రుషికుల్య, పై కొనయందు చిలక. ఎల్లగీతలు మాఱిన సంవత్సరములను ఎఱ్ఱ సిరాతో గుర్తుపెట్టించి, రంభ దగ్గఱ మేడ బొమ్మ గీయుమంటిని. అప్పుడు వెనుక బల్లనుండి యొక చిన్నది లేచి, “మాష్టారూ, ఆ మేడ కట్టిన కరువులో జనాలు ఏటి తిన్నారు?” అని అడిగినది. పుస్తకములో లేని ప్రశ్న. ఇంటికి పోయి ముసలివారిని అడిగి రమ్మంటిని. రెండువందల యేండ్లనాటి కరువు నెవరును చూడకపోయినను, కరువు తిండి యేదో ముసలివారికి తెలియును. వారము తిరుగకుండ పదుమూడు మంది పట్టీలు వ్రాసి తెచ్చిరి. మామిడి టెంకల అంబలి, చింతపిక్కలు వేయించి దంచిన పిండి, జీలుగుచెట్టు గుజ్జు, తాటి తేగలు, వెదురుబియ్యము, చెఱువు గట్టునందలి ఆకుకూరలు, పేర్లతో తొమ్మిది రకములు. ఒక పిల్లవాని పట్టీలో టెంకల చేదు పోవుటకు ఎన్ని నీళ్లు మార్చవలెనో కూడ వ్రాసియుండెను. వాని మామ్మ చెప్పినదట. పటములో మేడ బొమ్మ ప్రక్కన, సరస్సు నీలిరంగు కొంచెము కప్పబడినను సరే యని, ఆ పట్టీలను అంటించితిమి.